గాజుపళ్లెంలో బాలమణి గుండె

సైన్సు సినిమాలు తీసే ఉద్యోగంలో ఇరవై ఆరేళ్లు గడిపి, యాభై రెండో ఏట నాకు నేనే సెలవు చెప్పుకుని శంషాబాద్‌లో ఉండిపోయాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. చెబుతాను. విమానాశ్రయం పక్క ఊరు మంఖాల్‌లో షూటింగు చేస్తున్నప్పుడు విమానం చప్పుడు అడ్డొస్తోందని పైకి చూసి చెయ్యి ఊపితే, పైలటు మర్యాదగా ఇంకో రెండు చుట్లు తిరిగి మా షాటు అయ్యాకే దిగాడని చెప్పాను. అడవిలో కొండచిలువ రంగు వెలిసినట్టు కనిపిస్తే దానికి మేకప్పు చేయించానని చెప్పాను. ఒకమ్మాయి ఆ కొండచిలువ సంగతి నోట్సులో రాసుకుంది కూడా.

ఇది రాస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి చదివి, ఇందులో నిజమెంత అని అడిగింది. మొదటి పేరా తీసేస్తే అంతా నిజమే అన్నాను. నమ్మినట్టు లేదు. అయినా వంటింట్లోకి పోకుండా పక్కనే కూర్చుంది. చివరిదాకా కూర్చుంటుందో లేదో తెలియదు. ఈ సంగతి ఆమెకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

కత్తెర పని

మీలో చాలామంది కెమెరా చూసి ఈ పనిలోకి వస్తారు. కెమెరా బరువు మోయడం తప్ప అందులో పెద్ద కష్టం లేదు. అసలు పని ఎడిటింగు గదిలో ఉంటుంది. ఏడుస్తున్న పసిబిడ్డను చూపించి, వెంటనే పొయ్యి మీద పొంగుతున్న పాలు చూపిస్తే బిడ్డకు ఆకలేసిందని చూసేవాళ్లు అనుకుంటారు. ఆ బిడ్డ ఏడ్చింది చీమ కుట్టి కావచ్చు. ఆ పాలు వేరే ఊళ్లో, వేరే సంవత్సరం పొంగి ఉండవచ్చు. ఎవరైనా నిలదీస్తే, "నేను చెప్పలేదు, మీరే అనుకున్నారు" అని తప్పించుకోవచ్చు. మా వృత్తిలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే.

ఈ విద్య నాకు నేర్పింది మా యూనిట్ పెద్ద రామలింగేశ్వరరావు గారు. తెనాలి వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, మడత నలగని మాట. సినిమా ప్రదర్శనకు వచ్చి తెరకు వీపు పెట్టి కూర్చునేవారు. సినిమా చూడరు, చూసేవాళ్లను చూస్తారు. ఎవరైనా వీపు గోక్కున్నా, వాచీ చూసుకున్నా ఆ క్షణం కాగితం మీద గుర్తు పెట్టుకునేవారు. మర్నాడు నన్ను పిలిచి, "ఏమయ్యా, ఏడో నిమిషం దగ్గర ఇద్దరు గోక్కున్నారు. అక్కడ కోసెయ్యండి" అనేవారు. నేను కోసేవాణ్ణి. మా సినిమాలు ఎవరికీ విసుగు పుట్టించేవి కావంటే ఆ గోకుళ్ల పుణ్యమే.

ఆయన మంచి గురువు. నా జీతం రాళ్లు ఆయన దయ. అయినా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. జనం విసుక్కున్నారా లేదా అన్నది ఆయన వాళ్ల ముఖాల్లో చూసేవారు. వాళ్లకేం అర్థమైందన్నది ముఖంలో కనిపించదు. అది అడిగితేనే తెలుస్తుంది. ఆయన ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

పద్దెనిమిది నిమిషాలు

రెండు వేల పదకొండులో గుండె మీద జరిగే పరిశోధన గురించి ఒక చిన్న సినిమా తీసే పని నాకు వచ్చింది. పద్దెనిమిది నిమిషాల నిడివి. నగరంలోని ఒక పరిశోధన సంస్థలో డాక్టర్ వసుంధర గారనే ఆవిడ ఆ పని చూస్తుండేవారు. సన్నగా ఉంటారు. ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు నడుస్తారు గానీ ఏదీ మరిచిపోరు.

చిన్నతనంలో కొందరికి గొంతునొప్పి, జ్వరం, కీళ్లవాపు వచ్చి పోతాయి. జ్వరం పోయినా శరీరం పొరపాటున తన గుండె కవాటాల మీదే దాడి చేస్తుంది. తలుపు రెక్కలు రంగు ఎండి అతుక్కుపోయినట్టు ఆ కవాటం సరిగా తెరుచుకోదు. జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి సూది వేయించుకోవాలి. ముదిరితే తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని కొసన ఉన్న బెలూను ఉబ్బించి ఆ రెక్కలు విడదీస్తారు. జ్వరం వచ్చినవాళ్లలో కొందరికే ఇలా ఎందుకవుతుందో కనిపెట్టాలని వసుంధర గారు ఊళ్లలో రక్తం నమూనాలు సేకరిస్తున్నారు.

అదే సంస్థలో, ఆవిడ గది పక్క గదిలో, ఇంకొక బృందం గాజుపళ్లెంలో గుండె కండరపు కణాలు పెంచుతోంది. సూక్ష్మదర్శినిలో చూస్తే పెసరగింజంత కూడా లేని ఆ ముద్ద తనంతట తానే కొట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ కణాలకూ ఊళ్లలో తీసిన రక్తానికీ సంబంధం లేదు. ఆ పని ఏ రోగికి ఎప్పటికి అక్కరకొస్తుందో అక్కడ ఎవరికీ తెలియదు. వసుంధర గారు ఈ మాట నాతో మొదటి రోజే చెప్పారు. రెండోసారీ చెప్పారు.

మాకు ఒక రోగి ముఖం కావాలి. మంఖాల్‌లో బాలమణి దొరికింది.

బాలమణికి ఇరవై తొమ్మిదేళ్లు. విమానాశ్రయం రోడ్డు మధ్యలో పూలమొక్కలకు నీళ్లు పట్టే పనిలో ఉండేది. పైపు పట్టుకుని పది అడుగులు నడిస్తే ఆయాసం. భర్త జంగయ్యకు ఒకప్పుడు రెండెకరాలుండేవి. అవి విమానాశ్రయం కింద పోయాక, అదే విమానాశ్రయానికి క్యాబు తిప్పుతున్నాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. మాట్లాడవలసినదంతా బాలమణి మాట్లాడేది.

ఆమె గుండె చప్పుడు రికార్డు చెయ్యాలి. స్టెతస్కోపు గొట్టంలో చిన్న మైకు దూర్చి డాక్టరమ్మ బాలమణి ఛాతీ మీద పెట్టేవారు. ఆ ఊరి మీద నుంచి విమానాల దారి. రికార్డింగు మొదలుపెట్టేలోపు ఒకటి వచ్చేది. నేను చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని ఆకాశాన్ని తిడుతుంటే, నాకన్నా ముందు బాలమణి పసిగట్టేది.

"జర ఆగుండ్రి సారు, ఇంకోటొస్తున్నది. గిది దిగేది. దిగేటిది మెల్లగ మూలుగుతది, ఎక్కేటిది ఒర్లుతది."

ఆమె చెప్పింది చెప్పినట్టే అది దిగేదే అయ్యేది. అలా ఒక మధ్యాహ్నమంతా పట్టింది. నడుమ ఆమె నవ్వి, తన గుండె కంటే విమానమే నయమని, అది టైముకు వస్తుందని అంది. జంగయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు. ఆమె నవ్వును మాత్రం నేను కెమెరాలో పట్టాను. ఎండ పక్క నుంచి పడుతోంది. ఇరవై ఆరేళ్లలో నేను తీసిన ముఖాల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

ఆ కోత

ఎడిటింగులో రక్తం తీసే షాటు తరువాత రెండు నిమిషాల వివరణ ఉండేది. ఈ రక్తం దేనికి, పక్క గదిలో పని వేరు, అది ఇంకా తొలిదశలో ఉంది అని డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చెబుతారు. ఆఫీసులో వేసి చూస్తే నలుగురు గోక్కున్నారు. రావు గారు కాగితం మీద నాలుగు గీతలు గీసి నా ముందు పెట్టారు.

ఆ రెండు నిమిషాలు తీసేశాను. బాలమణి చేతి నుంచి సీసాలోకి రక్తం. ఆ వెంటనే గాజుపళ్లెంలో కొట్టుకుంటున్న ముద్ద. ఆ వెంటనే ఎండలో బాలమణి నవ్వు. వెనక విమానాల మధ్య ఏరి తెచ్చిన ఆమె గుండె చప్పుడు. మాట ఒక్కటీ లేదు. రావు గారు ఆ రోజు మొదటిసారి తెర వైపు తిరిగి కూర్చున్నారు. చూసి నా భుజం తట్టారు. నేను ఆ భుజాన్ని వారం రోజులు మోసుకు తిరిగాను.

వసుంధర గారు చూసి ఇబ్బందిగా కదిలారు. చూసేవాళ్లు అపార్థం చేసుకుంటారేమో, మధ్యలో ఏదైనా చెప్పాలి అన్నారు. చివర్లో అక్షరాలు వేస్తామని సర్దిచెప్పాను. పేర్లన్నీ అయిపోయాక నల్లటి తెర మీద తెల్లటి సన్న అక్షరాలతో, చూపించిన కణాలకూ రోగులకూ సంబంధం లేదని వేశాం. చదువు రానివాళ్ల గురించి సినిమా తీసి, అందులో అసలు మాటను అక్షరాల్లో పెట్టాను. ఇది అప్పుడు నాకు తట్టలేదు.

ఎవరి గురించి తీశామో మొదట వాళ్లకు చూపించాలన్నది డాక్టరమ్మ నియమం. మంఖాల్ బడిలో ఒక ఆదివారం పగలు, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసి సినిమా వేశాం. నేను కూడా గురువుగారిలాగే తెరకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆ కోత దగ్గర గదిలో ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఒక ముసలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. బాలమణి తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తెరను చూస్తోంది. ఎవరూ గోక్కోలేదు. పేర్లు పడటం మొదలవగానే కిటికీల దుప్పట్లు లాగేశారు. నల్ల తెర మీది అక్షరాలు ఎండలో కలిసిపోయాయి.

బాగుందా అని అడిగాను. బాగుందన్నారు. తిరిగి వస్తుంటే డాక్టరమ్మ కారులో, వాళ్లేం అర్థం చేసుకున్నారో అడిగారా అన్నారు. దండం పెట్టారు కదండీ అన్నాను.

మీరు ఏ సినిమా చూపించినా, బాగుందా అని అడగకండి. ఏం చూశారో చెప్పమని అడగండి. నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్న దానిలో పనికొచ్చేది ఇదొక్కటే. ఇది నేర్చుకున్న తీరు ఇప్పుడు చెబుతాను.

చేతుల్లోంచి జారిపోవడం

జంగయ్య తన ఫోన్లో వేసుకోవడానికి ఆ సినిమా అడిగాడు. సంతోషంగా ఇచ్చాను. శంషాబాద్‌లో ఫోన్ల మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణాలుండేవి. పద్దెనిమిది నిమిషాలు చోటు ఎక్కువ తింటుందని అక్కడ ఎవరో దాన్ని మూడు నిమిషాలకు కుదించారు. ఏ మూడు నిమిషాలో చెప్పక్కర్లేదు. కోసే విద్య నా ఒక్కడిదే కాదు కదా. ఆ ముక్క ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకుతూ క్యాబు డ్రైవర్లందరి దగ్గరకూ చేరింది.

తరువాతి ఏడు వేసవిలో ఏదో ఊరు నుంచి వచ్చి విమానాశ్రయంలో దిగాను. క్యాబు కోసం నిలబడితే ఒక డ్రైవరు, మాటల్లో మాటగా, ఒక వింత చూపిస్తానని ఫోను తీశాడు. నా సినిమా నాకే చూపించాడు. పక్కన ఇంకో ఇద్దరు డ్రైవర్లు చేరారు.

"గీమె మా జంగన్న పెండ్లాం. ఆమె నెత్తురు తీస్కపోయి లాబుల గుండె పెంచుతున్నరన్నా. సూడు, ఎట్ల కొట్టుకుంటున్నదో."

నేను జీవితమంతా కోతలు కోసినవాణ్ణి. నా ముందు ఇంకొకడు నాకన్నా పెద్దది కోస్తుంటే ఊరుకోలేకపోయాను. ఆ సినిమా తీసింది నేనేనని చెప్పుకుని, ఆ గుండెకు రోజూ పొద్దున బిడ్డకు పాలు పట్టినట్టు ఎర్రటి నీళ్లు పడతారని, ఆదివారం కూడా సెలవు లేదని అన్నాను. కణాలకు రోజూ ఆహారద్రవం మార్చే మాట నిజమే. మిగతాది నా కల్పన.

"ఎవని గుండెకు సెలవుంటది తియ్యన్నా" అని ఒకడన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఇంటిదాకా ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను. సినిమా తీసినాయనే చెప్పాడన్న ముద్రతో నా ఎర్రనీళ్ల కథ సాయంత్రానికల్లా జంగయ్యకు చేరిందని తరువాత తెలిసింది.

పది రోజులకు వసుంధర గారు ఫోను చేశారు. బాలమణికి బెలూను పని కోసం ఆసుపత్రిలో తేదీ ఇప్పించారట. సర్కారు కార్డు మీదే అయిపోతుంది, వాళ్లు చేతి నుంచి ఏమీ పెట్టుకోనక్కర్లేదు. ఆ రోజు ఆమె రాలేదు. రెండో తేదీకీ రాలేదు. సూదులు కూడా మానేసిందని ఊరి నర్సు చెప్పింది. మీరంటే వాళ్లకు చనువు కదా, ఒకసారి వెళ్లి కనుక్కోండి అన్నారు.

ఎంత పెద్దగయింది

నేను వెళ్లేసరికి బాలమణి గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు, అందుకని కూర్చునే ఉంటోంది. పాదాలు ఉబ్బాయి. జంగయ్య డ్యూటీకి బయలుదేరబోతూ నన్ను చూసి ఆగాడు. మంచినీళ్లిచ్చారు. ఎందుకు రాలేదని అడగబోతున్నాను, ఆమే ముందు అడిగింది.

"ఎంత పెద్దగయింది సారు?"

ఏమిటన్నాను.

"నా గుండె. గిలాసంత అయ్యిందా?"

నేను మీకు నిజం చెబుతానన్నాను కాబట్టి ఆ క్షణం గురించి కూడా చెబుతాను. నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. బడిలో ఆగిన ఊపిరి, ముసలమ్మ దండం, డ్రైవరు ఫోను, అన్నీ. లేదమ్మా, అలాంటిదేమీ లేదు అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆమె ముఖం నా వైపు ఎత్తి ఉంది. కెమెరాలో నేను పట్టిన ముఖమే. ఆ నాలుగు మాటలూ నా నోట రాలేదు.

దానికి బదులు ఒక ఉపాయం తట్టింది. అబద్ధాన్నే మందులా వాడదామనుకున్నాను.

"అది పెరగాలంటే చానేండ్లు పడతది చెల్లె" అన్నాను. "అందాక పాతదాన్నే కాపాడుకోవాలె. బెలూను పని చేయించుకో. సూది మాత్రం ఆపకు."

చాలా తెలివిగా చెప్పాననుకున్నాను. బాలమణి తల ఊపింది. అంతవరకూ మాట్లాడని జంగయ్య అప్పుడు మాట్లాడాడు.

"కొత్తది పెట్టేటప్పుడు ఎట్లయినా కోస్తరు గదన్నా. రెండుసార్లు ఎందుకు ఆమెను తిప్పలపెట్టుడు? కోతంటేనే వణుకుతది. ఇన్నొద్దులు ఆగినం, ఇంకిన్నొద్దులు ఆగలేమా?"

అది కోత కాదని, చిన్న రంధ్రమని చెప్పాను. ఆగకూడదని చెప్పాను. ఎందుకు ఆగకూడదో మాత్రం చెప్పలేకపోయాను. ఎందుకంటే రావలసిన కొత్తదేదీ లేదన్న మాట ఒక్కటే దానికి కారణం. నేను గట్టిగా పట్టుబడితే, చివరికి జంగయ్య బోనాలు అయిపోగానే తీసుకుపోతానన్నాడు. నేను లేచాను. బాలమణి నన్ను కూర్చోబెట్టి మామిడిపండు కోసి పెట్టింది. ఆ కాస్త పనికే ఆమెకు చెమటలు పోశాయి.

సాయంత్రం డాక్టరమ్మకు ఫోను చేసి వస్తారని చెప్పాను. ఆవిడ, "గుండె పెరగడం లేదని స్పష్టంగా చెప్పారా?" అని అడిగారు. నా గొంతులో ఏదో విని ఉంటారు.

చెప్పానన్నాను.

ఆషాఢంలో వానలు పడ్డాయి. బాలమణికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. రెండు రోజులు మామూలు జ్వరమనుకున్నారు. మూడోనాడు నోట ఎర్రటి నురగ వస్తుంటే జంగయ్య తన క్యాబులోనే వెనక సీటులో కూర్చోబెట్టి, తానే నడుపుకుంటూ దవాఖానకు తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. అక్కడి డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. ఊళ్లో బోనాలకు ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆమెను మట్టి చేసే రోజు నేనూ వెళ్లాను. వెనక నిలబడ్డాను. ఒకాయన నన్ను గుర్తుపట్టి, ఇంకా కొన్ని నెలలు ఆగి ఉంటే కొత్త గుండె వచ్చేది కదా సారూ అన్నాడు. ఆ రోజు కూడా ఆ మాట సరిదిద్దకుండానే తిరిగి వచ్చాను.

సంస్థ గేటు దగ్గర

పదకొండో రోజు కర్మ అయిన మర్నాడు పొద్దున డాక్టరమ్మ నన్ను వెంటనే రమ్మని ఫోను చేశారు. వెళ్లేసరికి సంస్థ గేటు పక్కన జంగయ్య క్యాబు ఆగి ఉంది. అతను లోపల, ఆవిడ గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. గుండు మీద కొత్త తువ్వాలు. అప్పటికే చెప్పిన మాటే నా కోసం మళ్లీ చెప్పాడు.

"బాలమణి పేరు మీద పెంచుతున్న గుండె ఉన్నది గదన్నా. ఇగ ఆమెకు అక్కర లేదు. ఊకె పాడు కానియ్యకుండ్రి. మా పక్కూర్ల ఒక పిల్ల ఉన్నది, పన్నెండేండ్లది. గదే రోగం. ఆ పిల్లకు పెట్టుండ్రి. కాయిదం మీద యాడ ఏలిముద్ర పెట్టమన్నా పెడత."

వసుంధర గారు నా వైపు చూశారు. వాళ్లకు స్పష్టంగా చెప్పానని నేను ఫోనులో అన్నది అబద్ధమని ఆవిడకు ఆ పొద్దున తెలిసిపోయింది.  ఆ సంగతి ఆవిడ తరువాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

ఒక కథ అప్పుడే నా నాలుక మీదకు వచ్చేసింది. బాలమణి పోయిన ఘడియలోనే పళ్లెంలోని ఆ గుండె కూడా తనంతట తానే కొట్టుకోవడం ఆపేసిందని చెబితే చాలు. అతను నమ్ముతాడు. ఏడుస్తాడు. కొంత ఊరట పొంది ఇంటికి పోతాడు. నేను కట్టిన కథలన్నిటిలో అంత నిండైనది ఇంకోటి లేదు. దాన్ని నోట్లోంచి వెనక్కి మింగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

"జంగయ్యా, గా పళ్లెంలది బాలమణిది కాదు" అన్నాను. "ఆమె గుండెను ఎవ్వరూ పెంచలే. ఆమె నెత్తురు తీసిన బొమ్మ వేరే. గా పళ్లెం బొమ్మ వేరే. రెండిటిని పక్కపక్కన పెట్టింది నేను."

అతను నిజమేనా అన్నట్టు డాక్టరమ్మను చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"మరి గా దినం ఇంటికొచ్చి పెరుగుతున్నదంటివి గద."

"అంటిని. అబద్ధం చెప్పిన."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతని చూపు నా మీద లేదు. ఎక్కడో ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది ముఖం.

"ఆమె దవాఖానకు పోదామన్నదన్నా" అన్నాడు మెల్లగా. "నువ్వొచ్చిపోయినంక పోదాం పా అన్నది. నేనే ఆగుమన్న."

నిజం చెబితే బరువు దిగుతుందనుకున్నాను. దిగింది, నా మీద నుంచి. అది వెళ్లి అతని మీద కూర్చోవడం నా కళ్లతో చూశాను. ఆగేలా చేసింది నువ్వు కాదు, నేనేనని చెప్పాను. రెండుసార్లు అన్నాను. అతను విన్నట్టు లేదు.

ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. తువ్వాలు జారి కింద పడితే తీసుకోలేదు.

"గా పిల్ల నాయినకు గూడ చెప్పిన" అన్నాడు. "కొత్తది వస్తది, సూదులెందుకు ఊకె పొడిపిచ్చుడు, జర ఆగుమని."

పిల్లకు సూది తప్పి ఎన్నాళ్లయిందని డాక్టరమ్మ అడిగారు. తెల్వదు, నెల దాటిందనుకుంటానన్నాడు. ఆవిడ అప్పటికే బీరువా తెరిచి సంచిలో ఏవో సర్దుతున్నారు. ముగ్గురం అతని క్యాబులోనే బయలుదేరాం. ఆవిడ వెనక కూర్చున్నారు. నేను వెనక సీటు తలుపు పట్టుకుని, ఆ సీటు చూసి, ముందుకొచ్చి అతని పక్కన కూర్చున్నాను.

శంషాబాద్ దాటాం. విమానాశ్రయం రోడ్డులో పూలమొక్కలకు ఇద్దరు ఆడవాళ్లు పైపుతో నీళ్లు పడుతున్నారు. జంగయ్య బండి నెమ్మది చేశాడు, మళ్లీ వేగం పెంచాడు.

"నువ్వే చెప్పాలె అన్నా" అన్నాడు. "నేను చెప్తే ఇనరు. వాళ్ల ఫోన్ల గూడ ఉన్నదది. తీసింది నువ్వు."

సరేనన్నాను. ఎవరింటికి వెళ్లినా గడప చేరేలోపు ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో, ఎక్కడ నవ్వించాలో మనసులో సిద్ధం చేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ ఊరికి ఇంకా అరగంట దారి ఉంది. నేను ఏమీ సిద్ధం చేసుకోలేదు.